అట్టలేని నవల చదివిన గొర్రెల కాశయ్య

2022. కరోనా టీకాలు వేసీ వేసీ మా చేతులు, వేయించుకునీ వేయించుకునీ జనాల భుజాలు అలిసిపోయి, అందరం కాస్త ఊపిరి పీల్చుకున్న సంవత్సరం. అప్పుడు నేను అర్ధవీడు దాటి నల్లమల అంచుకు పోయే దారిలో ఒక సబ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. సబ్ సెంటర్ అంటే పెద్దాసుపత్రికి మునిమనవరాలు లాంటిది. రెండు గదులు, ఒక బల్ల, ఒక బరువు చూసే మిషను. నా హోదా ‘మల్టీ పర్పస్ హెల్త్ అసిస్టెంట్, మేల్’. ఇంత పొడుగు పేరు మా ఊళ్లలో ఎవరికీ నోరు తిరగదు. వెనకటికి ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఇల్లిల్లూ తిరిగి, జ్వరం వచ్చినవాళ్ల వేలికి సూది గుచ్చి నెత్తురు తీసుకుపోయేవాళ్లు. అందుకని ఇప్పటికీ నేను వాళ్లకు ‘మలేరియా సారు’నే.

మీ పనిలో కష్టమైనది ఏదని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. దోమలు కాదు, ఎండ కాదు. ఎన్‌ఎస్‌వి. నో స్కాల్పెల్ వాసెక్టమీ అని దాని పూర్తి పేరు. కత్తి లేకుండా, కుట్టు లేకుండా, సన్నటి రంధ్రంలోంచి మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. తిమ్మిరి సూది వేసి కాసేపట్లో ముగిస్తారు, ఆ రోజే ఇంటికి పంపిస్తారు. ఇంత సులువైన పనికి మనిషిని ఒప్పించడం మాత్రం కొండకు కాళ్లొచ్చి నడిచినంత కష్టం. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ ఊరికైనా పోండి, ఆపరేషన్ అంటే ఆడవాళ్ల పనే. మగవాళ్ల పేరెత్తితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, పేరెత్తినవాణ్ణి చూసి ఇంకా నవ్వుతారు.

నేనేమీ ఊరకే కూర్చునే రకం కాదు. దేవుడు నాకు జీతం తక్కువిచ్చినా నోరు బాగా ఇచ్చాడు. హనుమంతునిపాడులో ఒకాయన ఆపరేషన్ చేయించుకున్న కొన్నాళ్లకే బురదలో దిగబడిన ట్రాక్టర్‌ను ఒంటిచేత్తో గట్టుకు లాగినట్టు నేనే చెప్పాను. కనిగిరి సంతలో ఇంకొకాయన, తాడు తెంపుకున్న కోడెకు ఎదురుపోయి దాని కొమ్ములు పట్టుకుని మాట్లాడి శాంతింపజేసినట్టు కూడా చెప్పాను. మా ఆశా కార్యకర్త మేరమ్మ అన్నీ విని మొహంలో ఏమీ కనిపించనీయకుండా అనేది:

“సార్, పోయినసారి ఆయన లాగింది ఎద్దులబండి. ఇప్పుడు ట్రాక్టరయింది. ఇంకో మీటింగు పెడితే రైలింజను లాగుతాడు.”

“లాగితే నీకేం నష్టం మేరక్కా?”

“నాకేం లేదు సార్. పాపం ఆయనకే నడుములు పోతాయి.”

మగవాళ్లు వచ్చేవాళ్లు, వినేవాళ్లు, తొడలు చరుచుకుని నవ్వేవాళ్లు, టీ తాగి పోయేవాళ్లు. ఆపరేషన్‌కు మాత్రం ఒక్కడూ రాలేదు.

అలాంటి రోజుల్లో ఈశ్వరమ్మ కేసు మా చేతికొచ్చింది.

ఆమెకు చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె వాల్వు దెబ్బతింది. ఆ సంగతి పెళ్లయ్యాక, కాన్పుల్లో గానీ బయటపడలేదు. ఇద్దరూ ఆడపిల్లలే. రెండో కాన్పప్పుడు ఊపిరాడక ఒంగోలు దాకా తీసుకుపోతే, బతకడమే గొప్ప అన్నారు. అప్పట్నుంచీ నెత్తురు పల్చబడే మాత్రలు వాడుతోంది. మా పీహెచ్‌సీ డాక్టరమ్మ ఈశ్వరమ్మను పరీక్ష చేసి మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పింది. “మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పు. ఆమెకే ఆపరేషన్ చేద్దామంటే మత్తు పడదు. కాపర్ టీ వేస్తే ఆ మాత్రల వల్ల బ్లీడింగ్ అయి తీసేయాల్సొచ్చింది. భర్తతో మాట్లాడండి.”

భర్త పేరు కాశయ్య. గొర్రెలు కాస్తాడు. పదో తరగతి దాకా చదివాడు. నెమ్మదైనవాడు, మాట తక్కువ. ఆ మాట తక్కువ మనిషి కొన్ని నెలలుగా ఇంట్లో పడుకోవడం లేదు. పొద్దుగూకితే అన్నం మూట కట్టించుకుని మంద దగ్గరికి పోతాడు, తెల్లారాకే వస్తాడు. “రోగిష్టిదాన్నని నా మొగం చూడబుద్ధిగాక పోతాండాడక్కా” అని ఈశ్వరమ్మ మేరమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

కాశయ్యను సబ్ సెంటర్‌కు పిలిపించాం. ఈశ్వరమ్మకు లోపల బీపీ చూస్తుంటే నేను వరండాలో కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. కౌన్సెలింగ్ అంటే మా భాషలో మనిషిని కూర్చోబెట్టి మంచీ చెడ్డా చెప్పడం. నా విషయంలో చెడ్డ తక్కువ, మంచి మరీ ఎక్కువ.

“కాశయ్యా, నువ్వు చేయించుకుంటే ఈ బాధ మొత్తం పోద్ది.”

“నేనా సార్? నేను గొర్రెలు కాసేటోన్ని.”

“అయితే?”

“అయితే ఏం లేదు. గొర్రెలు కాసేటోన్ని అని చెప్తాండా.”

ఆ మాటలో ఏముందో ఆ రోజు నాకు తట్టలేదు. తట్టేంతసేపు నేను నోరు మూసుకుని ఉంటే గదా! ట్రాక్టర్ కథ ఎత్తుకున్నాను. అతను శ్రద్ధగా విన్నాడు.

“ఆ ట్రాక్టర్ ఏ రంగుది సార్?”

“ఎర్రది.”

“మా బామ్మర్దికి నీలందని చెప్పినావంట.”

లోపల మేరమ్మ దగ్గింది. ఆమెకు దగ్గు లేదు.

కాసేపటికి కాశయ్య నా సంచీలోంచి బయటికి కనిపిస్తున్న పుస్తకం వైపు చూసి, చూసేదా అని అడిగాడు. గిద్దలూరులో పాతపేపర్ల దుకాణంలో తూకానికి కొన్న నవల అది. అట్ట లేదు, మొదటి కాగితాలు లేవు, చివరి కాగితాలూ లేవు. పేరేంటో, రాసినవారెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక పిల్లవాడు పెద్దవాడయ్యే కథ. సగం దాకా చదివి, ఇందులో కొట్లాటలు లేవని పక్కన పెట్టాను. తీసుకుపోయి చదువుకో అన్నాను. మందలో పొద్దుపోతుంది గదా అని తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. ఉందని చెప్పుకుంటే ఈ కథ ఇంకా బాగుంటుంది, కానీ లేదు.

ఒక వారం గడిచాక, ఈశ్వరమ్మ చిన్నపిల్లకు టీకా వేయించడానికి వచ్చిన రోజున, కాశయ్య కూడా వచ్చాడు. మామూలుగా రాలేదు, చేతికర్ర గడపకు తాటించి వచ్చాడు.

“మా ఇంటి సంగతి ఎవురికి చెప్పినావు సార్?”

“ఏ సంగతి?”

“నాటకాలొద్దు. ఈ పుస్తకం రాసినాయనకు నువ్వే చెప్పినావు. నువ్వు ఊరూరా కతలు మోసేటోనివి. ఎవురి దగ్గర ఇని చెప్పినావో అదొక్కటి చెప్పు.”

చెయ్యని నేరానికి నేను దొరకడం అరుదు. పుస్తకం తెరిచి పసుపు పచ్చబడిన కాగితాలు చూపించాను. “చూడు నాయనా, ఈ అచ్చు నీకంటే పెద్దది. నువ్వు పుట్టకముందే నీ సంగతి నేనెట్ల చెప్తా?” అన్నాను.

కాశయ్య ఆ కాగితాన్ని వేళ్లమధ్య నలిపి చూశాడు. ఉన్ని నాణ్యం చూసినట్టు చూశాడు. తర్వాత బల్ల మీద కూర్చున్నాడు.

ఆ నవల్లో ఒక తండ్రి తన కొడుకును మగవాణ్ణి చెయ్యాలనుకుంటాడు. పిల్లవాడికి ప్రాణమైన దూడ ఒకటుంటుంది. దాన్ని ఎద్దును చెయ్యడానికి విత్తులు నలగ్గొట్టే రోజున, తాడు నువ్వే పట్టుకోవాలి, మొహం తిప్పకూడదు, ఏడవకూడదు అంటాడు తండ్రి. పిల్లవాడు ఏడవడు. ఊరు మెచ్చుకుంటుంది. అక్కణ్ణుంచి వాడు దేనికీ ఏడవని మనిషిగా పెరుగుతాడు, దేనికీ భయమని చెప్పని మనిషి అవుతాడు.

“నాది గొర్రెపిల్ల సార్” అన్నాడు కాశయ్య. “అంతే తేడా. తల్లి సచ్చిపోతే మేకపాలు పట్టి సాకినా. నా ఎంబడే తిరిగేది, బడి దాకా వచ్చేది. పొట్టేలయినాక మా నాయన దాన్ని నన్నే పట్టుకోమన్నాడు. మొగం తిప్పితే ఆడోనివి అన్నాడు. తిప్పలే. అది నా పక్కే చూసింది. ఆ రాత్రి మా అమ్మ నాకు కూర ఎక్కువేసింది. మా నాయన అందరికీ చెప్పుకున్నాడు, నా కొడుకు కన్నార్పలేదని.”

“తర్వాత?”

“తర్వాతేముంది. అప్పట్నుంచి మా మందలో ఆ పని నాదే. ఊరోళ్లు గూడా నన్నే పిలుస్తారు. ఎన్నిటికి చేసినానో లెక్క లేదు.”

అప్పుడు వెలిగింది నాకు. ‘గొర్రెలు కాసేటోన్ని’ అంటే అది. మిగతా మగవాళ్లు తెలియక భయపడుతున్నారు. ఇతను తెలిసి భయపడుతున్నాడు. విత్తులు కొట్టిన పొట్టేలు ఏమవుతుందో ఇతనికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. కొవ్వు పడుతుంది, మెత్తబడుతుంది, ఇంకో పొట్టేలు మీదికొస్తే పక్కకు తప్పుకుంటుంది. అలాంటివాడి ముందు నేను ట్రాక్టర్ లాగించాను.

“సార్, ఆ పుస్తకంలో కడాకు ఏమైతాది?” అన్నాడు.

పుస్తకం ఆగిపోయిన చోటు అక్కడికక్కడే తెరిచి చదివాను. వాడు పెళ్లి చేసుకుంటాడు. భార్యకు కష్టమైన కాన్పు. తలుపు బయట నిలబడి ఉంటాడు. తండ్రి వచ్చి, ఇక్కడ ఆడంగిలా నిలబడ్డావేంది, చేనికి పో అంటాడు. అక్కడితో కాగితాలు చిరిగిపోయాయి.

నేను ఆలస్యం చెయ్యలేదు. “ఏముంది, వాడు తలుపు తోసుకుని లోపలికి పోతాడు. కవలపిల్లలు. తండ్రి వచ్చి కొడుకు కాళ్ల మీద పడి...”

“అది నువ్వు కట్టింది సార్. ఈ రాసినాయన అట్ల రాయడు.”

“ఎట్ల తెలుసు?”

“దూడ చూసిన చూపు రాసినోడు కాళ్ల మీద పడేది రాయడు.” కాశయ్య పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. “అదంతా ఎందుగ్గానీ, ఒకటి చెప్పు. ఆయమ్మ బతుకుతాదా?”

నవల్లో భార్య గురించే అడుగుతున్నట్టు అడిగాడు. తలుపు అవతల ఈశ్వరమ్మ చిన్నపిల్లకు టీకా వేయిస్తోంది, ఆ పిల్ల ఏడుపు వినిపిస్తోంది. నా దగ్గర ఎప్పుడూ ఒక కథ సిద్ధంగా ఉంటుంది. అప్పుడు మాత్రం ఏ కథా ఎత్తుకోలేదు.

“తెలీదు కాశయ్యా” అన్నాను.

అతను బల్ల మీద నాకు దగ్గరగా జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు ప్రశ్న అడిగాడు.

“పొట్టేలుకు నరం నలగ్గొడితే కొన్నాళ్లకు అవి ఎండి గోలీల్లాగా అయితాయి. నాకు గూడా ఎండిపోతాయా?”

ఇన్నేళ్ల నౌకరీలో ఒక్క మగవాడూ నన్ను ఇంత సూటిగా అడగలేదు. లోపలికి పోయి సెలైన్ ట్యూబులు లావువి, సన్నవి తెచ్చి, అన్నిటినీ ఒక కట్టగా పట్టుకున్నాను.

“నువ్వు పొట్టేలుకు చేసేటప్పుడు ఈ కట్ట మొత్తం నలగ్గొడతావు. ఇందులో నెత్తురు పోయే గొట్టాలున్నాయి. అవి మూసుకుపోతాయి, అందుకే ఎండిపోతాయి. ఎన్‌ఎస్‌విలో నెత్తురు గొట్టాల జోలికి పోరు. విత్తనం పోయే గొట్టం ఒకటుంటుంది, ముట్టుకుంటే వండని సేమ్యా పుల్ల మాదిరి గట్టిగా తగులుతుంది. దాన్ని వాసు అంటారు. ఆ ఒక్కదాన్నే బయటికి తీసి, కత్తిరించి, ముడేస్తారు. రెండు పక్కలా అంతే. మిగతాదంతా ఉన్నచోటే, ఉన్నట్టే ఉంటుంది.”

కాశయ్య ఆ ట్యూబులు తన చేతిలోకి తీసుకుని, సన్నదాన్ని విడిగా లాగి చూశాడు.

“అంటే కొండకు నాలుగు దార్లుంటే, ఒక్క దారికే కంప అడ్డమేస్తారు. నీళ్ల దారి, మేత దారి అట్లనే ఉంటాది.”

“అంతే.”

“పొట్టేలు పొట్టేలు మాదిరే ఉంటాది. గొర్రె మాత్రం చూడి కట్టదు.”

“అంతే. కాకపోతే ఆ రోజే పని చెయ్యదు. కంప అవతల ఉన్న విత్తనం అంతా బయటికి పోవాల గదా. మూడు నెలలు నిరోధ్ వాడాలి. తర్వాత పరీక్ష చేసి, సున్నా అని తేలితేనే మానెయ్యాలి.”

అప్పుడు నవ్వాడు కాశయ్య, మొదటిసారి. “మేము గూడా పొట్టేలుకు కట్టుడు గుడ్డ కడతాం సార్. ఎండాకాలంలో పిల్లలు పడకూడదని కడుపు కింద గుడ్డ కట్టి మందలోకి ఇడుస్తాం.” చేతికర్ర మీద గడ్డం ఆనించి, “అది కట్టించుకున్న పొట్టేలు మొగం చూడాల నువ్వు” అన్నాడు.

లోపల మేరమ్మకు మళ్లీ దగ్గొచ్చింది.

మార్కాపురంలో క్యాంపు పెట్టిన రోజు అతన్ని, ఈశ్వరమ్మను నేనే తీసుకుపోయాను. క్యాంపు అంటే సర్జన్ వచ్చే రోజున చుట్టుపక్కల వాళ్లందర్నీ ఒకచోట చేర్చి ఆపరేషన్లు చెయ్యడం. ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. మగవాడు కాశయ్య ఒక్కడే. బల్ల మీద కూర్చున్నామో లేదో, గేటులోంచి వాళ్ల నాయన పెద్ద గురవయ్య వచ్చాడు. మా వెనక బస్సులో వచ్చినట్టున్నాడు. మీసాలు చెవుల దాకా, తలపాగా, భుజాన గొంగడి.

“ఏందిరా కాశిగా? నేనిన్నది నిజమేనా?”

“నిజమే నాయనా.”

“మొగపిల్లోడు లేడు. నీ చేత్తో నువ్వు ఎన్ని పొట్టేళ్లకు జేసినావు, ఇప్పుడు నీకు నువ్వే జేపించుకుంటావా? ఊళ్లో తలెత్తుకుని తిరుగుతావా?”

“మామా, అదీ ఇదీ ఒకటి గాదు...” అని నేను మొదలుపెట్టాను.

“నువ్వు మాట్లాడొద్దు అల్లుడా. నీ ట్రాక్టర్ సంగతి నాకు తెలుసు.”

బల్ల మీద ఉన్న ఆడవాళ్లంతా మా వైపు తిరిగారు. కాశయ్య లేచి నిలబడ్డాడు. ట్యూబుల సంగతి చెప్తాడనుకున్నాను, దార్ల సంగతి చెప్తాడనుకున్నాను. అవేవీ చెప్పలేదు.

“నాయనా, నాకు భయమైతాంది.”

ముసలాయనకు ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “ఆపరేషన్‌కా?”

“కాదు. ఈశ్వరి సచ్చిపోతాదని. చిన్నదాని కాన్పులో ఒంగోల్లో బయట నిలబడినప్పటి సంది భయమే. రాత్రి ఇంట్లో పండుకోవాలన్నా భయమే. అందుకే మందకాడ పండుకుంటాండా. నీకు చెప్పలే. ఎవురికీ చెప్పలే.”

బల్ల చివర చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఈశ్వరమ్మ తలెత్తింది. “ఆ ముక్క నాకు చెప్తే నీ సొమ్మేం పోయె?” అంది. కోపంగానే అంది. పిల్ల గౌను కిందికి లాగింది, మళ్లీ లాగింది.

పెద్ద గురవయ్య కొడుకును చూశాడు, కోడలిని చూశాడు, నన్ను చూశాడు. నాలో ఆయనకు పనికొచ్చేది ఏదీ కనిపించినట్టు లేదు. గొంగడి సర్దుకుని బల్ల మీద కూర్చుని, పక్కన జాగా చేతితో తట్టాడు.

“భయమైతే నా పక్కన కూసో. పిలిచేదాకా.”

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నర్సు పేరు పిలిచింది, కాశయ్య లోపలికి పోయాడు. మధ్యాహ్నానికి కొంచెం కాళ్లు ఎడంగా వేసుకుంటూ బయటికొచ్చాడు. అతను లాగడానికి దారిలో ఏ ట్రాక్టరూ దిగబడలేదు. ఉంటే లాగేవాడు కూడా కాదు, బరువులు ఎత్తొద్దని సర్జన్ చెప్పారు.

ఈ కేసు తర్వాత నా కౌన్సెలింగ్ పద్ధతి మారింది. ఇప్పుడు కాపరుల ఊళ్లకు పోతే ముందు నేను ఏమీ చెప్పను. “పొట్టేళ్లకు మీరెట్ల చేస్తారో చెప్పండి” అని అడుగుతాను. వాళ్లు చెప్తారు. చేతులతో చూపిస్తారు, వాటికి ఏమవుతుందో చెప్తారు. అలా చెప్తూ చెప్తూ మధ్యలో ఎక్కడో ఒకరు ఆగుతారు. మొహం కొంచెం పక్కకు తిరుగుతుంది. ఆ తిరిగినచోట మొదలుపెట్టాలి మాట. మా ట్రైనింగ్‌లో నేర్పేది, క్లయింటుకు తెలియనిది చెప్పమని. ఈ పనిలో మనిషిని ఆపేది చాలాసార్లు అతనికి బాగా తెలిసిన సంగతే. దాన్ని బయటికి రానివ్వకుండా ఎన్ని కథలు చెప్పినా చెవి దాటవు. ఒప్పుకున్నవాళ్లు గుంపులు గుంపులుగా వచ్చారని మాత్రం చెప్పను, రాలేదు. ఏడాదికి ఒకరో ఇద్దరో.

ఆ రోజు కాశయ్య మళ్లీ పట్టుకుపోయిన ఆ అట్టలేని నవల నా దగ్గరికి తిరిగి రాలేదు. నేనూ అడగలేదు.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు కాశయ్య శాంపిల్ పరీక్ష చేయించాం. రిపోర్టులో సున్నా. వీర్యకణాలు ఒక్కటీ లేవని అర్థం. ఆ మాట చెప్తే ఈశ్వరమ్మ మేరమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

“ఇంగ రాత్రికి మందకాడ ఎవుర్ని పెడతావో ఇప్పుడే చెప్పు. నక్కలు తిరుగుతాండాయి, కుక్కలు తిరుగుతాండాయి అని నాకు చెప్పొద్దు.”

“చూస్తాలే” అన్నాడు కాశయ్య. కూలికి ఎవరూ దొరకడం లేదన్నాడు, బామ్మర్దిని అడుగుతానన్నాడు. ఆ ఏర్పాటేదీ తేలకుండానే వాదించుకుంటూ ఇద్దరూ దారిపట్టారు.

మర్నాడు మేరమ్మ చెప్పింది. పొద్దుగూకే వేళకు కాశయ్య ఇంటి ముందు ఇంకా అదే వాదన నడుస్తుంటే, పెద్ద గురవయ్య లోపల్నుంచి వచ్చి, గొంగడి దులిపి భుజాన వేసుకుని, అన్నం మూట తన చేతికి తీసుకున్నాడట. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు. కోడలిని మాత్రం, ఇంకో మిరపకాయ పెట్టమన్నాడట. పెట్టించుకుని మంద వైపు నడిచిపోయాడట.